స్ప్రింట్ రిపోర్టుల్లో ఏది నిజంగా పనికొస్తుంది? మూడు నెలలు వాడిన తర్వాత నా రివ్యూ

నమస్కారం. పనిని చిన్న చిన్న విడతలుగా చేసే ఆజైల్ పద్ధతిలో పనిచేసే బృందాల కోసం తయారైన ఈ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్ పేరు, దాని ఫీచర్ల పట్టిక మీకు తెరపై కనిపిస్తున్నాయి. వాటిని మీరు ఇప్పటికే ఎక్కడో ఒకచోట చూసి ఉంటారు కనుక నేను మళ్లీ చదివి వినిపించను. దీన్ని తయారుచేసిన సంస్థ, రిపోర్టులన్నీ అందుబాటులో ఉండే ఖాతాను మూడు నెలల పాటు నాకు ఉచితంగా ఇచ్చింది. డబ్బు ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని కోరలేదు. ఈ మూడు నెలల్లో తొమ్మిది మంది ఉన్న మా బృందం రెండేసి వారాల స్ప్రింట్‌లు, అంటే ముందే అనుకున్న పనిని ముగించే విడతలు, ఆరు పూర్తిచేసింది, నేను చెప్పబోయేదంతా ఆ పనిలో చూసినదే.

స్ప్రింట్‌లో ఇంకా ఎంత పని మిగిలి ఉందో రోజురోజుకూ గీతగా చూపే బర్న్‌డౌన్ చార్ట్ బాగానే ఉంది. స్ప్రింట్ మధ్యలో కొత్త పని చేర్చితే గీత పైకి ఎగబాకిన చోట చిన్న గుర్తు పెట్టి, ఏ టికెట్‌ను, అంటే టూల్‌లో నమోదైన ఏ పనిని, ఎప్పుడు చేర్చారో చూపిస్తుంది. నేను ఇంతకు ముందు వాడిన టూల్‌లో ఆ గుర్తు ఉండేది కాదు కాబట్టి, బృందం వెనకబడిందా, లేక పనే పెరిగిందా అన్నది ప్రతిసారీ విడిగా వెతుక్కోవలసి వచ్చేది. అంతకు మించి దీని గురించి చెప్పవలసినది లేదు. ఆజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌కు నియమావళి అయిన స్క్రమ్ గైడ్ కూడా 2011 నుంచి బర్న్‌డౌన్ చార్ట్‌ను తప్పనిసరి చేయడం మానేసింది, 2020 నాటి కూర్పులో అది ఉపయోగపడే పద్ధతుల్లో ఒకటిగా మాత్రమే కనిపిస్తుంది.

నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం పనుల వయసు రిపోర్టు. ఇందులో అడ్డంగా మన పనుల బోర్డులోని కాలమ్‌లు, అంటే డెవలప్‌మెంట్, రివ్యూ (రాసిన కోడ్‌ను మరొకరు పరిశీలించడం), టెస్టింగ్ వరుసగా ఉంటాయి, నిలువుగా రోజులు ఉంటాయి. ఇంకా పూర్తికాని ప్రతి టికెట్ ఒక చుక్కగా కనిపిస్తుంది, ఆ పని మొదలుపెట్టి ఎన్ని రోజులైతే చుక్క అంత ఎత్తులో ఉంటుంది. మన బృందం ఇదివరకు పూర్తిచేసిన పనులలో నూటికి ఎనభై అయిదు ఎన్ని రోజులలోపు ముగిశాయో లెక్కగట్టి, ఆ ఎత్తులో ఒక ఎర్ర గీత గీస్తుంది. సైకిల్ టైమ్ చూపే రిపోర్టులు చాలా టూల్స్‌లో ఉన్నాయి, కానీ అవి పని ముగిశాక ఎన్ని రోజులు పట్టిందో చెబుతాయి. ఇది మాత్రం పని ఇంకా మన చేతిలో ఉండగానే, ఆలస్యాన్ని సరిదిద్దుకునే అవకాశం ఉండగానే చెబుతుంది.

మూడో స్ప్రింట్‌లో జరిగినది చెబుతాను. చెల్లింపు విఫలమైనప్పుడు కస్టమర్‌కు సందేశం పంపే ఒక టికెట్ రివ్యూ కాలమ్‌లో పద్నాలుగు రోజుల ఎత్తుకు చేరింది. అప్పటికి మా ఎర్ర గీత పదమూడు రోజుల దగ్గర ఉంది. ఆ చుక్క మీద నొక్కగానే పక్కన ఒక సన్నని పట్టీ తెరుచుకుంది. అందులో డెవలప్‌మెంట్‌కు రెండు రోజుల నీలం రంగు ముక్క, దాని తర్వాత రివ్యూ కోసం ఎదురుచూసిన పన్నెండు రోజుల బూడిద రంగు ముక్క ఉన్నాయి. కోడ్ రాసిన మనిషి ఆలస్యం చేయలేదు. రివ్యూ చేయగలిగిన ఇద్దరు సీనియర్లలో ప్రతి ఒక్కరూ రెండోవారు చూస్తున్నారనుకున్నారు. ఆ ఉదయం స్టాండప్‌లో, అంటే బృందం రోజూ కలిసే చిన్న సమావేశంలో, ఈ పట్టీని తెరపై పెట్టాం, వారిలో ఒకరు కూర్చుని నలభై నిమిషాల్లో రివ్యూ ముగించారు. నలభై నిమిషాల పని పన్నెండు రోజులు ఆగిందని ఏ బర్న్‌డౌన్ చార్ట్‌లోనూ మాకు కనిపించలేదు.

అప్పటి నుంచి మా స్టాండప్ నడిచే తీరు మారింది. నిన్న ఏం చేశారు, ఈ రోజు ఏం చేస్తారు, అడ్డంకులేమిటి అని ఒక్కొక్కరినీ అడగడం మానేసి, అన్నిటికంటే ఎత్తులో ఉన్న చుక్కతో మొదలుపెట్టి క్రిందికి వస్తున్నాం. ఆ మూడు ప్రశ్నలను 2020లో స్క్రమ్ గైడ్ నుంచి కూడా తొలగించారు.

ఈ రిపోర్టు పైభాగంలో మరో చిన్న సంఖ్య ఉంటుంది, దాన్ని చాలామంది గమనించకపోవచ్చు. అది ప్రస్తుతం నడుస్తున్న పనుల సంఖ్య. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన క్యూ సిద్ధాంత (వరుసలో ఎదురుచూడటాన్ని లెక్కగట్టే గణితం) సూత్రం ప్రకారం, పనులు వచ్చే వేగమూ ముగిసే వేగమూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు, నడుస్తున్న పనుల సగటు సంఖ్యను రోజుకు ముగిసే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. మా బోర్డు మీద ఒకేసారి పద్దెనిమిది టికెట్లు నడిచేవి, రెండు వారాల్లో సుమారు ఇరవై ఎనిమిది ముగిసేవి, అంటే రోజుకు రెండు, కాబట్టి ఒక్కోదానికి సగటున తొమ్మిది రోజులు పట్టేది. నడిచే పనులను పన్నెండుకు పరిమితం చేశాం. రెండు స్ప్రింట్‌ల తర్వాత ముగిసే పనుల సంఖ్య దాదాపు అంతే ఉంది, సగటు కాలం మాత్రం ఏడు రోజులకు తగ్గింది. లెక్క ప్రకారం ఆరు రావాలి, కానీ ఆ పరిమితిని మేము అన్ని రోజులూ పాటించలేకపోయాం.

శని, ఆదివారాలను కూడా వయసులో కలుపుతోందని మొదట్లో నాకు అసంతృప్తి కలిగింది. ఇప్పుడు అదే సరైనదని అనుకుంటున్నాను, ఎందుకంటే ఎదురుచూసే కస్టమర్‌కు ఆ రెండు రోజులూ రోజులే.

ఇక నాకు కోపం తెప్పించిన విషయానికి వస్తాను. ఒక్కో స్ప్రింట్‌లో ఎంత పని ముగిసిందో చూపే వెలాసిటీ పేజీని తెరవగానే, బృందం మొత్తం పూర్తిచేసిన స్టోరీ పాయింట్ల క్రింద, సభ్యులవారీగా పాయింట్లు, వాటి పక్కన ర్యాంకు కనిపిస్తాయి. ఆ కాలమ్‌ను ఎవరి తెర మీద వారు దాచుకోవచ్చు కానీ, ప్రాజెక్ట్ మొత్తానికి తీసేసే వీలు లేదు. స్టోరీ పాయింట్ అనేది ఒక పనిని మరో పనితో పోల్చి బృందం కలిసి వేసుకునే అంచనా. ఒక బృందపు ఎనిమిదీ మరో బృందపు ఎనిమిదీ ఒకటి కానప్పుడు, దానితో మనుషులను వరుసలో నిలబెట్టడం ఏ విధంగానూ సమంజసం కాదు.

ఇది ఊహించి చెప్పడం లేదు. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక చోట ఇలాంటి పట్టికనే నెలవారీ సమావేశంలో చూపించేవారు. కొన్ని స్ప్రింట్‌లు గడిచేసరికి మూడు పాయింట్ల పనులకు అయిదు, అయిదు పాయింట్ల పనులకు ఎనిమిది పడసాగాయి. చార్ట్ ఎక్కుతూ పోయింది, విడుదలయ్యే పనుల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. అంతకంటే బాధాకరమైనది ఏమిటంటే, పక్కవారి కోడ్ చూడటానికి పాయింట్లు రావు కనుక రివ్యూలు ఆగిపోయాయి. అక్కడ అందరికంటే ఎక్కువగా ఇతరులకు సహాయం చేసిన టెస్టర్ పేరు ప్రతి నెలా ఆ పట్టికలో చివర ఉండేది, ఆమె మూడు నెలల్లో ఉద్యోగం మానేశారు. కొలతను లక్ష్యంగా మార్చితే అది కొలతగా పనికిరాకుండా పోతుందనే సూత్రం, 1975లో ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి చేసిన వ్యాఖ్య నుంచి వచ్చింది. దాని అర్థం నాకు ఆ సమావేశాల్లో తెలిసింది.

డెలివరీ తేదీల అంచనా రిపోర్టు కూడా ఉంది. అది గత రోజుల వేగాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ వేల సార్లు లెక్కగట్టి, ఒకే తేదీకి బదులు అవకాశాల శాతంతో కొన్ని తేదీలు ఇస్తుంది. మేము రెండుసార్లే వాడాం కనుక దాని మీద తీర్పు చెప్పను.

మీ బృందం ప్రతి ఉదయం ఆ చుక్కల ముందు నిలబడి మాట్లాడుకోవడానికి సిద్ధంగా ఉంటే, ఒక్క ఆ రిపోర్టు కోసమైనా దీన్ని తీసుకోమని చెబుతాను. ఉచిత గడువు ముగిశాక మేము డబ్బు కట్టి కొనసాగిస్తున్నాం. మీ పైవారికి మనుషులను ర్యాంకులతో కొలిచే అలవాటు ఉంటే మాత్రం, ఆ కాలమ్ ఉన్నంత కాలం దీన్ని మీ బృందంలోకి తీసుకురావద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ కాలమ్‌ను ప్రాజెక్ట్ మొత్తానికి ఆపేసే సెట్టింగ్ కావాలని టూల్ తయారుచేసిన సంస్థకు రెండుసార్లు రాశాను, అది వచ్చిన రోజున ఈ వీడియో క్రింది వివరణలో ఆ సంగతి చేర్చుతాను.