బలహీనతయందు శక్తి: ఒంగోలు కొండ నుండి వెల్లంపల్లి రేవు దాకా

సంఘ పెద్దలకు, తోటి సేవకులకు, సహోదరీ సహోదరులందరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

ఈ సాయంకాలం మన ధ్యానానికి ఆధారం కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయం 9వ వచనం: "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." మన ఇళ్ళలో గోడకు తగిలించిన వాగ్దాన కేలండర్ల మీద ఈ మాట కనబడుతూనే ఉంటుంది, జబ్బుపడినవారి మంచం దగ్గర దీనినే చదువుతాము. అయితే ఈ వచనానికి ముందు పౌలు ఏమి చెబుతున్నాడో గమనించకుండా దీనిని చదివితే సగమే చదివినట్లు. కొరింథు సంఘంలో తమను తాము గొప్ప అపొస్తలులుగా చెప్పుకునే కొందరు దర్శనాలను, వాక్చాతుర్యాన్ని చూపించి విశ్వాసులను తమవైపు తిప్పుకుంటున్న కాలమది. వారికి జవాబుగా తన అర్హతలను చెప్పుకోవలసి వచ్చినప్పుడు, పౌలు 11వ అధ్యాయం చివర ఒక విచిత్రమైన సంగతి చెబుతాడు. దమస్కులో అధిపతి తనను పట్టుకోవడానికి పట్టణమంతటా కావలి పెట్టించినప్పుడు, కిటికీ గుండా గోడమీద నుండి గంపలో కిందికి దింపబడి తప్పించుకున్నానంటాడు. ఘనత చెప్పుకోదలచినవాడు ఎవడైనా గంపలో కూర్చుని పారిపోయిన రాత్రిని చెప్పుకుంటాడా? పౌలు చెప్పుకున్నాడు. ఆ వెంటనే శరీరంలోని ముల్లును గురించి, అది తొలగిపోవాలని తాను ముమ్మారు వేడుకోవడాన్ని గురించి రాశాడు. ముల్లు తీయబడలేదు. ఆ ముల్లు ఉండగానే కృప చాలుతుందన్న జవాబు వచ్చింది.

నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఒక్కటే. దేవుని శక్తిపై మనకున్న నమ్మకం మనం చేసే ప్రార్థనల్లోకంటే, మన పని సులువుగా నెరవేర్చగల మరొక బలం చేతికి అందివచ్చినప్పుడు దానితో మనం ఏమి చేస్తామన్న దానిలో ఎక్కువగా బయటపడుతుంది. ఏ ఆధారమూ లేనప్పుడు దేవుడే దిక్కనడం పెద్ద పని కాదు, అప్పుడు ఎవరైనా అంటారు. ఇంకొక ఆధారం ఉన్నప్పుడు కూడా దాని మీద బరువు వేయకుండా నిలబడటమే కష్టం. దీనికి ఉదాహరణ కోసం మనం దూరదేశాలకు వెళ్ళనక్కరలేదు. మన తెలుగు బాప్టిస్టు సంఘాల పుట్టుకలోనే అది ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్టణంలో దిగి, ఆ తరువాత శ్రీకాకుళంలోనూ మద్రాసులోనూ కొంతకాలం ఉండి, 1840లో నెల్లూరు చేరుకున్నాడు. ఆ ఏడాదే ఓబులు అనే తెలుగువాడు పెన్నా నదిలో బాప్తిస్మం పొందాడు. అటుపిమ్మట సంవత్సరాలు గడిచాయి గాని చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే. ఆ మిషనుకు డబ్బు పంపుతున్న పెద్దలు, ఇంత తక్కువ ఫలితం కోసం ఇంత ఖర్చు ఎందుకని ఒకటికి మూడుసార్లు చర్చించారు. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో ఈ మిషనును మూసివేయాలా వద్దా అన్న మాట గట్టిగానే నడిచింది. బర్మాలో వారి మిషను కేంద్రాలు పటం మీద నక్షత్రాల గుంపులా ఉంటే, సముద్రానికి ఇవతల నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంగా ఉండేది. ఆ పేరే దానికి నిలిచిపోయింది. చివరికి మూసివేయకూడదనే నిర్ణయించారు.

ఆ తరువాతి సంవత్సరం, 1854 జనవరి మొదటి తేదీన, ఇంకా తెల్లవారకముందే, ఐదుగురు మనుషులు ఒంగోలు కొండ ఎక్కారు. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వారితోకూడ ముగ్గురు తెలుగు విశ్వాసులు: నర్సు, జూలియా, రూతు. నెల్లూరు మిషను బడిలో చదువుకున్న జూలియా ఆనాటి సంగతిని తరువాతి కాలంలో చెబుతూ వచ్చింది గనుకనే మనకు అది ఇంత వివరంగా తెలిసింది. వారు పాడి, వాక్యం చదివి, ఒక్కొక్కరుగా ప్రార్థించారు. సూర్యోదయమయ్యాక జ్యూయెట్ కింద నాగజెముడు పొదలతో నిండిన ఒక మెరక నేలను చూపించి, మిషను బంగళా అక్కడ ఉంటే నీకు ఇష్టమేనా అని జూలియాను అడిగాడట. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు, స్థలం లేదు, పంపడానికి మనిషి లేడు. ఆ నేల తరువాత మిషను చేతికే వచ్చింది. ఒక్క మాట ఇక్కడ చెప్పాలి: మన సంఘ చరిత్రల్లో దొరల పేర్లకు పేజీలు దొరుకుతాయి, నర్సుకు, జూలియాకు, రూతుకు ఒక్కొక్క వాక్యం కూడా సరిగ్గా దొరకదు. ఆ ఉదయం కొండమీద ప్రార్థించినవారిలో ఎక్కువమంది మనవాళ్ళేనని మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.

1862లో, మిషనును మూసివేయాలా అన్న అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. అనారోగ్యంతో స్వదేశం వెళ్ళిన జ్యూయెట్, మీరు సహాయం చేసినా చేయకపోయినా నేను తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే బ్రతికి అక్కడే చనిపోతానని చెప్పాడు. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా మరొకరిని పంపించక తప్పదు అని సంస్థ కార్యదర్శి అన్నాడని చెబుతారు. ఆ విధంగా వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసిన మనిషి. 1865లో నెల్లూరుకు, 1866లో ఒంగోలుకు చేరాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమంది సభ్యులతో మొదలైంది.

అప్పటికే కనిగిరి ప్రాంతంలోని తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోలు వ్యాపారం మీద తిరిగేవాడు, యోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు, మాదిగవాడు. ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విని, 1866లో భార్యతోకూడ బాప్తిస్మం పొంది, ఊరికి వెళ్ళి తనవారికి తానే చెప్పడం మొదలుపెట్టాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్ళేసరికి చింతతోపులో జనం ఎదురుచూస్తున్నారు. కొన్ని రోజులు బోధ విన్నాక 28 మంది బాప్తిస్మం పొందారు.

అదే కాలంలో ఒంగోలులో వేరొక అవకాశం తలుపు తట్టింది. పట్టణంలోని అగ్రవర్ణాలవారు కొందరు మిషనులో శ్రద్ధ చూపుతూ వచ్చారు. అయితే ఈ మాదిగలను చేర్చుకుంటే తాము రాలేమని నిక్కచ్చిగా చెప్పారు. ఆ రోజుల్లో వారి రాక ఎంత బలమో ఒక్కసారి ఆలోచించండి. చదువు, భూమి, పలుకుబడి, కచేరీలో మాట చెల్లుబాటు, అన్నీ వారి చేతుల్లోనే ఉన్నాయి. పైవారు వస్తే కిందివారు వాళ్ళంతట వాళ్ళే వస్తారన్న వాదన కూడా బుద్ధిమంతమైనదిగానే కనిపించేది. క్లౌ, ఆయన భార్య ఎవరి గదిలో వారు ప్రార్థించి, ఒకరికి తెలియకుండా ఒకరు క్రొత్త నిబంధన తెరచినప్పుడు, ఇద్దరికీ ఒకే భాగం కంటబడిందని క్లౌ రాసిపెట్టాడు. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయంలోని మాట: "బలవంతులైనవారిని సిగ్గుపరచుటకు లోకములో బలహీనులైనవారిని దేవుడు ఏర్పరచుకొని యున్నాడు." వారు పేరయ్య ప్రజలను చేర్చుకున్నారు. పలుకుబడి గలవారు వెళ్ళిపోయారు.

ఆ తరువాత ఊళ్ళలో విశ్వాసులకు బావులు మూశారు, ఆదివారం పని మానినందుకు కష్టాలు పెట్టారు. అప్పుడు నిలబడటానికి వారికి ఉన్న ఆధారం ఏమిటి? వెనుక పెద్దకులం లేదు. సంఘంలో చేరేవారు విగ్రహారాధన మానాలి, చచ్చిన పశువు మాంసం మానాలి, ఆదివారం పని మానాలి అన్నవి మాత్రం గట్టిగా అడిగేవారు. తరతరాలుగా ఊరి వెట్టిలో తలవంచుకు బ్రతికినవారు, ఈ ఒక్కరోజు నేను పనికి రాను అని కామందు ముఖం మీద చెప్పగలగడం, నా దృష్టిలో ఆనాటి అద్భుతాలలో ముందు చెప్పుకోవలసినది. అందులో మనిషిగా గౌరవం కోరుకోవడం కూడా ఉంది కదా అని చరిత్రకారులు అంటారు. ఉంది. దేవుడు ఆ కోరికను తన పనికి వెలుపల పెట్టాడని నేను అనుకోను.

ఇక 1876 నుండి 1878 వరకు, పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న మహా క్షామం. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా నడుస్తున్నది. అందులో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుగా తీసుకున్నాడు. పాత సర్వే పని అక్కడ ఉపయోగపడింది. సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవారికి తవ్వకం పని, సక్రమమైన కూలి, సాయంత్రాలు ఆ మట్టిగట్ల దగ్గర "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి" అన్న యేసు మాట. ప్రార్థన చేస్తున్నాము గనుక పార పట్టనక్కరలేదని వారు అనుకోలేదు. ఆకలిగొన్నవారికి కూలి దొరికే మార్గం వెదకడం కూడా దేవునిపై ఆధారపడినవారి పనే.

ఈ శిబిరంలో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ఆయన చేతిలో పని ఉంది, కూలి డబ్బు ఉంది, ఎదుట ఆకలితో ఉన్న జనం ఉన్నారు. ఏళ్ళ తరబడి సంఖ్య చాలలేదని మూసివేత మాట వింటూ వచ్చిన మిషను అది. నివేదికలో పెద్ద సంఖ్య రాసి పంపడానికి అంతకంటే మంచి సమయం దొరుకుతుందా? అన్నం కోసం వచ్చినవారెవరో, క్రీస్తు కోసం వచ్చినవారెవరో తేలేవరకు ఆగాలని ఆయన అనుకున్నాడు. నా మట్టుకు, ఈ చరిత్ర మొత్తంలో దేవుని శక్తిని నమ్మిన గుర్తు బాప్తిస్మం ఇచ్చిన రోజులలోకంటే ఇవ్వకుండా ఆగిన ఆ పదిహేను నెలలలోనే ఎక్కువగా కనబడుతుంది. రొట్టె బలంతో నిండే సంఘం తనకు వద్దని ఆయన క్రియలో చెప్పాడు.

కాలువ పని ముగిసింది. ఇక ఇచ్చేందుకు పనీ లేదు, డబ్బూ లేదని చెప్పారు. జనం మళ్ళీ వచ్చారు. సహాయం అడగడానికి రాలేదని, తాము పనిచేసి బ్రతికేవారమేనని తమ చేతుల మీది బొబ్బలు చూపించి చెప్పారనీ, రాబోయే పంట కూడా పోతే చనిపోతాము, క్రైస్తవులుగానే చనిపోవాలని మా కోరిక అన్నారనీ క్లౌ రాశాడు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో 1878 జులై 2న 614 మంది, మరునాడు జులై 3న 2,222 మంది బాప్తిస్మం పొందారు. గుమాస్తాలు పేర్లు చదువుతుంటే, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీటిలో నిలబడి ఇచ్చారు. ఆ రోజు క్లౌ తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు. సంవత్సరం ముగిసేసరికి చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతి. మన సంఘాలలో కూడా చేతికి అందే బలాలు చాలా ఉన్నాయి. సంఘ ఎన్నికల్లో కులం లెక్క వేసుకుంటే ఓట్లు వస్తాయి, వేసుకుంటున్నాము. పెండ్లి సంబంధాల దగ్గర మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అన్న గోడలు అలాగే ఉన్నాయి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిన్నవారు విందు దగ్గర వేరవుతున్నారు. స్వస్థత జరుగుతుందని ఫ్లెక్సీ వేస్తే జనం వస్తారు; వేస్తున్నాము. కానుక వేస్తే అప్పు తీరుతుందని చెబితే పేదవారు చెవిపోగులు కూడా తీసి ఇస్తారు. అలా చెప్పేవారిని మనమే సభలకు పిలుస్తున్నాము. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఆకలి అయినా, అప్పు అయినా, రోగమైనా, వాటిని ఆధారం చేసుకుని మనుషులను దగ్గరకు లాగడం ఆనాడు కాలువ గట్టుమీద మన పెద్దలు చేయనిది.

మరొక మాట రోగుల విషయంలో. దేవుని శక్తిని నమ్మేవారు మందులు మానాలని, డయాలిసిస్ ఆపాలని, షుగరు మాత్రలు పారవేయాలని చెప్పేవారున్నారు. పౌలు ద్వారా స్వస్థతలు జరిగాయి. అదే పౌలు త్రోఫిము రోగియైయున్నందున మిలేతులో అతనిని విడిచి వచ్చానని రాశాడు, కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని తిమోతికి చెప్పాడు. స్వస్థత కోసం ప్రార్థించండి, గట్టిగా ప్రార్థించండి, ఆసుపత్రికి కూడా వెళ్ళండి. నయం కాకపోతే విశ్వాసం లేదని ఆ కుటుంబాన్ని నిందించకండి. ముల్లు తీయబడని పౌలును ఎవరూ అవిశ్వాసి అనలేదు.

చివరిగా, పల్లెల్లో, కొండ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తూ నలుగురైదుగురు విశ్వాసులకు మించి చూడని సేవకులు ఈ సభలో ఉన్నారు. ప్రతి నివేదిక సమయంలోనూ మీరు తలవంచుకోవలసి వస్తున్నదని నాకు తెలుసు. శామ్యూల్ డే 1853లో ఆరోగ్యం చెడి ఈ దేశం విడిచి వెళ్ళాడు, 1871లో కన్నుమూశాడు. వెల్లంపల్లి ఆయన చూడలేదు. గుండ్లకమ్మలో పనిచేసిన శక్తి పెన్నాలో ఓబులు ఒక్కడు మునిగి లేచినప్పుడు తక్కువగా పనిచేసిందని నేను నమ్మను. సంఘ పెద్దలను నేను కోరేది ఏమంటే, ఈ సంవత్సరం నివేదికలలో బాప్తిస్మాల సంఖ్య లేనందువల్ల ఏ సేవకుని జీతమూ ఆపకండి, ఎవరినీ బదిలీ చేయకండి. ఇప్పుడు మనమందరం మోకాళ్ళూని, ఆ సేవకులను వారి ఊళ్ళ పేర్లతో సహా జ్ఞాపకం చేసుకుని ప్రార్థన చేద్దాము.