మొదలు వేరు, ఆధారం వేరు

సభకు నమస్కారం. అనంతపురంలో అనంతం గురించి మాట్లాడమన్నారు, సంతోషం. పొగడ్తలు వదిలేసి విషయానికొస్తాను.

"విశ్వం 1380 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది, కాబట్టి దేవుడున్నాడు" అని మన సభల్లో ఒక్క ఊపిరిలో చెప్పేస్తున్నారు. నా బాధంతా ఆ "కాబట్టి" గురించే.

పుట్టినదానికి కారణం ఉండాలి, విశ్వం పుట్టింది, కనుక కారణం ఉంది. ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టినవాళ్లలో ఇస్లాం తాత్వికుడు అల్ ఘజాలీ ముఖ్యుడు. విశ్వం పుట్టిందనడానికి ఆయన చూపిన లెక్క ఇది. ఆనాటి ఖగోళం ప్రకారం, శని ఒక చుట్టు తిరిగేలోపు సూర్యుడు 30 చుట్లు తిరుగుతాడు. గతానికి మొదలే లేకపోతే ఇద్దరి చుట్లూ అనంతమే. 30 రెట్లున్నదీ, ఒక రెట్టున్నదీ సమానమెట్లా? కుదరదన్నాడు. 19వ శతాబ్దంలో గణితవేత్త కాంటర్ అలాంటి అనంతాలను ఒకదానికొకటి జత కలపొచ్చని, ఏదీ మిగలదని చూపాడు. కాగితం మీద కుదిరింది ఆకాశంలోనూ కుదురుతుందా? ఘజాలీ వైపువాళ్లు ఇప్పుడు వాదించాల్సింది అక్కడ.

క్రైస్తవ తాత్వికుడు అక్వినాస్ దారి వేరు. లోకానికి మొదలుందని ఆయన నమ్మాడు, కానీ అది తర్కంతో తేలదన్నాడు. బావి దగ్గర నిలబడి చూడండి. బొక్కెనను చేంతాడు పట్టుకుంది, చేంతాడును గిలక, గిలకను దూలం, దూలాన్ని రాతికూసాలు. కూసం ఇప్పుడు లాగితే బొక్కెన ఇప్పుడే పడుతుంది. తాత, తండ్రి, కొడుకుల వరుస అట్లా కాదు. తాత పోయినా మనవడు బతుకుతాడు. అక్వినాస్ అడిగింది బావి వరుస గురించి: లోకాన్ని ఇప్పుడు నిలబెడుతున్నదేది? విశ్వానికి మొదలు లేకపోయినా ఆ ప్రశ్న నిలుస్తుంది. విశ్వానికి మొదలని చెప్పే మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) దానికి బలమూ కాదు, దెబ్బా కాదు. పిల్లలూ, ఈ తేడా రాసుకోండి, మళ్లీ చెబుతున్నా: మొదలు వేరు, ఆధారం వేరు.

ఘజాలీ వాదానికి ఇంకో చిక్కుంది. గతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ సమానంగా ఉన్నాయనే తాత్వికులున్నారు. శెనక్కాయ చేను గట్టు దగ్గర మొదలవుతుంది, గట్టు దగ్గర పుట్టదు కదా! వాళ్ల లెక్కన మొదటి క్షణం ఆ గట్టే. కాలం నిజంగా గడుస్తుందని ఒప్పుకుంటేనే "పుట్టింది" అనే మాటకు బలం. 1979లో ఘజాలీ వాదాన్ని మళ్లీ ముందుకు తెచ్చిన అమెరికా తాత్వికుడు విలియం లేన్ క్రెయిగ్ ఈ సంగతి దాచలేదు.

ఇక మన న్యాయ దర్శన పండితుడు ఉదయనాచార్యుడు: కుండకు కుమ్మరిలా భూమికి కర్త ఉండాలన్నాడు. కానీ ఆయన వర్గమైన న్యాయవైశేషికుల లెక్కన పరమాణువులు నిత్యం, కాలమూ నిత్యమే. అంటే ఆ ఈశ్వరుడు శూన్యం నుంచి సృష్టించేవాడు కాడు. ఈ అనుమానాన్ని, అంటే కుండను చూసి కర్తను తేల్చే తర్కాన్ని, కాదన్నది నాస్తికులు మాత్రమే అనుకునేరు! రామానుజులే శ్రీభాష్యంలో కాదన్నారు. కొండలూ సముద్రాలూ ఒకేసారి, ఒక్కడే చేశాడని ఎట్లా తెలిసింది? వేర్వేరు కాలాల్లో వేర్వేరు కర్తలు ఎందుకు కాకూడదు? ఈశ్వరుణ్ణి తెలిపేది శాస్త్రమే, అంటే వేదమేనని ఆయన పక్షం. అంతటి భక్తుడు వేసిన ప్రశ్నకు బదులు చెప్పకుండా, దయచేసి, వేదికెక్కి కుండ ఉదాహరణ ఎత్తకండి.