పుర్రెను చూసి భయపడకండి: కుర్రకారు ఎమోజీ జతలపై రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు రివ్యూ ఫోను మీద కాదు, యాప్ మీద కాదు. ఆ ఫోన్లలో మన పిల్లలు రోజూ పంపుకొనే ఎమోజీ జతల మీద. విడి బొమ్మలు కాదు, జతలు. ఎందుకంత పట్టుబట్టి జతలంటున్నానో తెలియాలంటే ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మా అక్క రాజమహేంద్రవరంలో ఉంటుంది. కూతురు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు, హాస్టల్లో ఉంటుంది. పోయిన సెమిస్టరు ఫలితాలు వచ్చిన రోజు రాత్రి ఆ పిల్ల తల్లికి మెసేజ్ పెట్టింది. "అమ్మా, మ్యాథ్స్ పాసయ్యాను" అని రాసి, పక్కన ఈ మూడు బొమ్మలు: 😭😭💀. రెండు ఏడుపు ముఖాలు, వాటి వెనక ఒక పుర్రె. మా అక్క మాటలు చదవలేదు, బొమ్మలు చదివింది. ఏడుపు, ఏడుపు, చావు. నాలుగుసార్లు ఫోన్ చేసింది. పిల్ల స్నేహితులతో సంబరంలో ఉండి ఎత్తలేదు. ఐదోసారి నాకు చేసి, "దానికేమైందో కనుక్కోవే, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు" అంది. ఆ గొంతులోని వణుకు నాకు ఇంకా గుర్తుంది. ఈ వీడియో చేయాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఆ పిల్ల చెప్పదలచుకున్నది ఇదీ: "పాసవుతానని నాకే నమ్మకం లేదు, నవ్వి నవ్వి చచ్చిపోతున్నాను." ఈ మాటను ఇంకోసారి వినండి. నవ్వి నవ్వి చచ్చాం. నవ్వలేక చచ్చాం. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాం. మన అమ్మమ్మలు అన్న మాటలే కదా ఇవి! నవ్వు పక్కన చావునీ కన్నీళ్ళనీ కూర్చోబెట్టడం తెలుగుకు కొత్త కాదు. పుర్రెను నవ్వుకు వాడటం ఇంగ్లిష్ మాట్లాడే కుర్రకారు దగ్గర మొదలై ఇక్కడికి వచ్చిన అలవాటే. కానీ మన పిల్లల వేళ్ళకు అది ఇంత తొందరగా పట్టుబడటానికి కారణం, మన నుడికారంలో దానికి ముందే చోటుండటం అని నా నమ్మకం.

నవ్వుతూ కన్నీళ్ళు కార్చే ముఖం 😂 విడిగా ఉండనే ఉంది కదా, అది చాలదా అని మీరు అడగవచ్చు. ఒకప్పుడు చాలింది. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్ళు ఆ ఏటి మేటి పదంగా ఎంచుకున్నది ఒక పదాన్ని కాదు, ఈ బొమ్మనే. తర్వాత దాన్ని అందరూ అన్నిటికీ వాడారు. ఆఫీసులో పై అధికారి వేసిన చప్పని జోకుకు కూడా అదే ముఖం పెట్టాం. దాంతో అది మర్యాద నవ్వుగా మారింది. నిజంగా నవ్వొచ్చినప్పుడు పెట్టడానికి పిల్లలకు ఇంకేదో కావలసి వచ్చింది. ఏడుపు ముఖాలు ఎన్ని ఎక్కువ పెడితే నవ్వు అంత ఎక్కువ, చివర పుర్రె వస్తే ఇక నవ్వు ఆగలేదని. ఈ జతకు నా మార్కులు పదికి తొమ్మిది. తగ్గించిన ఆ ఒక్క మార్కు మా అక్క పడిన ఆందోళనకు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత. 🥺👉👈. బతిమాలే కళ్ళు, వాటి పక్కన ఎదురెదురుగా రెండు చూపుడువేళ్ళు. విడిగా చూస్తే ఆ వేళ్ళు దారి చూపే గుర్తులు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. దగ్గరికి చేర్చగానే, వేలి కొనలు రెండూ తాకించుకుంటూ తల వంచుకొని నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. జపాన్ కార్టూన్లలో సిగ్గరి పాత్రలు చేసే సైగ ఇది. బతిమాలే ముఖం ఎమోజీల్లోకి 2018లో వచ్చింది, ఈ మూడూ కలిసి 2020లో ప్రపంచమంతా తిరిగాయి. మన దగ్గర ఇదే పనికి కాలి బొటనవేలితో నేల మీద రాసేవాళ్ళు. "నీ నోట్సు ఒక్క రోజు ఇస్తావా 🥺👉👈", "నాన్నా, ఈ నెల ఇంకో ఐదువందలు 🥺👉👈". మొహమాటం, ఆశ, కాస్త గారం, అన్నీ మూడు బొమ్మల్లో పట్టేశాయి. ఇప్పుడు వేళ్ళను తారుమారు చేసి చూడండి. 👈👉. సిగ్గు పోయింది! ఇద్దరు మనుషులు చెరో దిక్కుకు పోతున్నట్టుంది. వరుస మారితే అర్థం చెదిరిపోతుంది. అందుకే దీన్ని ఆషామాషీ అలంకారం అనడానికి నా మనసు ఒప్పదు. దీనికి వ్యాకరణం ఉంది. పదికి పది.

👁️👄👁️ కూడా ఇలాంటిదే. కన్ను, నోరు, కన్ను. కలిపి చూస్తే గుడ్లప్పగించి చూస్తున్న ముఖం. విన్నదానికి ఏమనాలో తోచనప్పుడు పెడతారు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇక్కడ కొంచెం లోపలి పనితనం చెప్పాలి, ఇది నాకు చాలా నచ్చిన భాగం. 1999లో జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో సంస్థ ఫోన్ల కోసం షిగెటాకా కురీటా బృందం 176 బొమ్మలు గీసింది. ఒక్కో బొమ్మకు అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కలు, అంతే. 2010లో యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్ని భాషల అక్షరాలకూ వాడే ఉమ్మడి ప్రమాణ పట్టిక, ఎమోజీలను అక్షరాల సరసన చేర్చింది. ఇప్పుడు వాటి సంఖ్య మూడున్నర వేలు దాటింది. అందులో చాలా బొమ్మలు నిజానికి ఒక్క బొమ్మ కావు. తల్లీ తండ్రీ కూతురూ కలిసి ఉన్న కుటుంబం బొమ్మ ఉంది చూడండి, 👨‍👩‍👧, అది మూడు బొమ్మలను కంటికి కనబడని ఒక గుర్తుతో అతికించినది. ఆ అతుకు అర్థం కాని పాత ఫోనుకు పంపితే ముగ్గురూ విడివిడిగా కనబడతారు.

తెలుగు రాసేవాళ్ళకు ఈ కనబడని అతుకు పాత చుట్టమే. క, పొల్లు, ష కలిస్తే క్ష అవుతుంది. "ఫేస్‌బుక్" అని రాస్తే స కింద బ వత్తు పడకుండా ఆపేది కూడా ఇలాంటి కనబడని గుర్తే, కాకపోతే అది కలపదు, విడదీస్తుంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే మన అక్షరం, మధ్యలో ఆ విడదీసే గుర్తుతో, ఐఫోన్లలో యాప్‌లను కూలగొట్టింది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ సంస్థ దిద్దుబాటు విడుదల చేయాల్సి వచ్చింది. మన సంయుక్తాక్షరం అంత బలమైనది. పిల్లలు ఎమోజీలతో చేస్తున్నదీ అదే పని: రెండు కలిపి, రెండింటిలోనూ లేని మూడోదాన్ని పుట్టించడం. తేడా ఏమిటంటే, కుటుంబం బొమ్మను అతికించేది యంత్రం. 🥺👉👈ను అతికించేది చదివేవాళ్ళ మనసు. ఏ ప్రమాణ పట్టికలోనూ ఈ జత లేదు.

టోపీ 🧢 సంగతికి వద్దాం. అమెరికాలోని నల్లజాతి యువత మాటల్లో టోపీ అంటే అబద్ధం. ఎవరైనా గొప్పలు చెబితే కింద ఒక టోపీ పెడతారు. పక్కన నిషేధం గుర్తు చేరిస్తే, 🚫🧢, "అబద్ధం కాదు, ఒట్టు" అని. తెలుగులో టోపీ పెట్టడం అంటే మోసం చేయడం. రెండు భాషలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఒకే వస్తువును పట్టుకున్నాయి. కానీ జాగ్రత్త, సరిగ్గా ఒకటే కాదు. మన టోపీలో ఒకరు నష్టపోవాలి. వాళ్ళ టోపీకి కోతలు కోస్తే చాలు. మీ స్నేహితుడు "తెల్లవారుజామున నాలుగింటికే లేచి చదివాను" అంటే టోపీ పెట్టండి, మోసగాడన్నట్టు కాదు.

మేక 🐐 మాత్రం మన నేలకు సరిగా అతకలేదు. ఎప్పటికీ అందరికన్నా గొప్పవాడు అనే ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలు కలిపితే వాళ్ళ భాషలో మేక వస్తుంది. అందుకే అభిమాన క్రికెటర్ ఫొటో కింద మేక, కిరీటం 🐐👑. ఆ అక్షరాల లెక్క తెలియని తెలుగువాడికి మేక అనగానే గుర్తొచ్చేది మేకపోతు గాంభీర్యం, అంటే లోపల బెరుకు పెట్టుకొని పైకి చూపే ధీమా. పొగడ్త కాస్తా ఎత్తిపొడుపుగా వినిపిస్తుంది. పదికి నాలుగు.

ఇప్పుడు పూర్తిగా మన జత. 🙏😭. మన పెద్దవాళ్ళ కుటుంబ గ్రూపుల్లో దండం పక్కన గులాబీ ఉంటుంది, శుభోదయం అని. మరణవార్త కింద దండం ఒంటరిగా ఉంటుంది. పిల్లల దగ్గర దండం పక్కన ఏడుపు ముఖం చేరుతుంది: "నీకో దండం, ఇక వదిలెయ్". ఒకే బొమ్మ భక్తికీ, సంతాపానికీ, విసుగుకూ పనికొస్తోంది, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి. దీన్ని బయటినుంచి ఎవరూ మనకు నేర్పలేదు. "నీకో దండం" అనే మాట మనకు ముందునుంచీ ఉంది. మార్కులు అడగకండి, ఇది మన ఇంటి బిడ్డ.

బొటనవేలు 👍 జత కాదు, అయినా చెప్పాలి, ఎందుకంటే గొడవలు ఎక్కువగా దీనితోనే వస్తున్నాయి. తండ్రి దృష్టిలో అది "సరే, సంతోషం". ఇరవై ఏళ్ళ కూతురికి అది మొహం మీద తలుపు వేసినట్టు వినిపించవచ్చు. 2021లో కెనడాలోని సస్కాచెవాన్‌లో అవిసె గింజల ఒప్పందం ఫొటోకు ఒక రైతు ఈ బొమ్మ పెట్టాడు. కాగితం అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు. 2023లో కోర్టు దాన్ని సంతకంగా లెక్కించి సుమారు 82,000 కెనడా డాలర్లు కట్టమంది. నాన్నగారూ, ఆ బొటనవేలి పక్కన ఒక్క గుండె బొమ్మ చేర్చండి, చాలు.

ఇక వంకాయ, పీచు పండు. గుత్తివంకాయ కూర ఫొటో కింద అత్తయ్య వంకాయ బొమ్మ పెడితే అది కూరే. పరిచయం లేని మనిషి మీ అమ్మాయికి ఈ రెండూ జతగా పంపితే అది శరీర భాగాలను సూచించే అసభ్యత. వెంటనే బ్లాక్ చేయాలి, ఇంట్లో చెప్పాలి. ఇందులో మొహమాటం వద్దు.

"మీ పిల్లల రహస్య ఎమోజీ భాష" అంటూ వాట్సాప్‌లో తిరిగే జాబితాలను కూడా రివ్యూ చేయమని కొందరు అడిగారు. పదికి రెండు. ఆ జాబితాలు బొమ్మకో అర్థం రాసేస్తాయి. అసలు అర్థం బొమ్మలో లేదు, ఎవరు ఎవరికి ఏ మాట పక్కన పెట్టారన్నదానిలో ఉంది. ఇది నేను తేలికగా అనడం లేదు. "పాసయ్యాను 💀" అన్న పుర్రె వేరు. "మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదు 💀" అన్న పుర్రె వేరు. రెండోదానిలో పిల్లలు తమ బాధను నవ్వు ముసుగు వేసి మన ముందు పెడుతున్నారు, కాదని తోసేస్తే వెనక్కి తీసుకునే వీలుండేలా. అలాంటి మెసేజ్ వస్తే జాబితా వెతక్కండి. ఫోన్ చేయండి. ఎత్తకపోతే మళ్ళీ చేయండి. మా అక్క ఆ రాత్రి బొమ్మను తప్పుగా చదివి ఉండవచ్చు, ఫోన్ చేయడం మాత్రం తప్పు కాదు.

ఆ సంగతి జరిగి రెండు నెలలైంది. కూతురు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తల్లి పక్కన కూర్చొని ఈ జతలన్నీ ఒక్కొక్కటిగా చూపించిందట. పోయిన ఆదివారం మా అక్క తను పంపిన మెసేజ్ ఒకటి నాకు చూపించింది. "వచ్చే శనివారం ఇంటికి వస్తావా 🥺👉👈". వేళ్ళ వరుస తప్పలేదు. కింద కూతురి జవాబు, "అమ్మా!!! 😭😭💀".

ఈసారి మా అక్క ఎవరికీ ఫోన్ చేయలేదు. పులిహోరకు చింతపండు నానబెట్టుకుంది.