గంజులో రెండు వేళ్ల నీళ్లు, స్క్రీన్ మీద 0.9: రాస్ప్‌బెర్రీ పై మీద వీవెక్స్ రివ్యూ

అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. వెనక వినిపించే చప్పుడు కూలర్‌ది. అది ఆపితే నేను మాట్లాడలేను, సర్దుకోండి.

ఈ రోజు వీవెక్స్ సంగతి. ఇంటి మీద పెట్టుకున్న వెదర్ స్టేషన్ నుంచి ఎండ, వాన, గాలి లెక్కలు తీసుకుని, డేటాబేస్‌లో దాచి, గ్రాఫులతో ఒక వెబ్ పేజీ తయారుచేసి పెడుతుంది. టామ్ కెఫర్ అనే ఆయన మొదలుపెట్టారు. పైథాన్‌లో రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. ఏడాదిగా మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. నిజం చెప్పాలంటే ఈ రివ్యూ పోయిన నెలలోనే ఒకసారి రికార్డ్ చేశాను. "దీన్ని నమ్ముకోకండి" అని చెప్పాను అందులో. అప్‌లోడ్ చేయకముందే డిలీట్ చేశాను. ఎందుకో వినండి.

స్టేషన్ మామూలు రకం. స్లాబ్ మీద సెన్సర్లు, హాల్లో వాటి లెక్కలు అందుకునే కన్సోల్ డబ్బా, కన్సోల్ నుంచి రాస్ప్‌బెర్రీ పైకి ఒక యూఎస్‌బీ వైరు. సెన్సర్‌కి మాత్రం రోజంతా నీడ ఉండాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా నీడ కదలకుండా పడుతుంది చూశారా, అలాంటి నీడ మన స్లాబ్ మీద దొరకదు. గాలి ఆడే తెల్లటి కవచం పెట్టుకోవాల్సిందే. లేకపోతే మే నెలలో మీరు కొలిచేది గాలి వేడిని కాదు, ప్లాస్టిక్ వేడిని.

ఇన్‌స్టాల్ పావుగంట పని. మొదటిరోజు పేజీ తెరిస్తే ఉష్ణోగ్రత 108 అని వచ్చింది. మా నాయిన చూసి, "నూట ఎనిమిదా? అయితే అంబులెన్స్‌కే ఫోన్ చెయ్యిరా" అన్నాడు. అది ఫారెన్‌హీట్. అమెరికా కొలతలు డిఫాల్ట్‌గా వస్తాయి. రిపోర్ట్ సెట్టింగ్‌లో మెట్రిక్ అని మారిస్తే పేజీ సెల్సియస్‌లోకి వస్తుంది. ఇది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. డేటాబేస్ లోపలి కొలతల జోలికి మాత్రం పోకండి, అది మొదట్లోనే తేల్చుకోవాలి.

ఇంకో మాట. నెట్‌లో దొరికే పాత వీడియోలు చూసి కమాండ్లు కొడితే సగం పనిచేయవు. 2024 జనవరిలో 5వ వెర్షన్ వచ్చింది, పాత కమాండ్లన్నీ పోయి వీసీటీఎల్ అనే ఒక్కదాని కిందికి చేరాయి. లాగ్, అంటే సాఫ్ట్‌వేర్ ఎప్పుడేం చేసిందో రాసుకునే డైరీ, దాన్ని కూడా పాత సిస్‌లాగ్ ఫైల్లో వెతక్కండి. ఇప్పటి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో జర్నల్‌సీటీఎల్ వాడాలి. కమాండ్ స్క్రీన్ మీద పెట్టాను, పాజ్ చేసి రాసుకోండి.

ఇక అసలు కథ. ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. 5 గంటల 40 నిమిషాలకు కరెంట్ పోయింది. వెంటనే వాన అందుకుంది, మామూలు వాన కాదు. 8 గంటల 20కి కరెంట్ వచ్చేసరికి చినుకులే మిగిలాయి. తెల్లారి పేజీ తెరిస్తే వాన 0.9 మిల్లీమీటర్లు! బయట వాకిలంతా బురద. రాత్రి వాకిట్లో మర్చిపోయిన గంజు చూపించి నాయిన అడిగాడు, "రెండు వేళ్ల నీళ్లున్నయి ఇండ్ల. నీ మిషన్‌ల ఎంత చూపెడుతున్నది?" నేను నోరు మెదపలేదు. మాకు బత్తాయి తోట ఉంది, ఆయనకు ఈ లెక్కతో పని.

నేనేం చేశానంటే, సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ తీసేసి మళ్లీ వేశాను. ఆ గ్రాఫ్‌లో ఖాళీ అలాగే ఉంది. అప్పుడు కోపంగా చేసిందే ఆ డిలీట్ అయిన వీడియో. లాగ్ చదివింది ఆ తర్వాత. ముందే చదవాల్సింది.

లాగ్‌లో ఏముందంటే, ఆ రాత్రి పై బూట్ అయిన టైమ్ సాయంత్రం 5 గంటల 17 నిమిషాలు అని ఉంది. రాత్రి 8:20కి బూట్ అయితే! దాని కింద ఒక ఎర్రర్: యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్, ఆర్కైవ్ డేట్‌టైమ్. అంటే 5:20 రికార్డు ఇప్పటికే ఉంది, మళ్లీ అదే టైమ్‌తో ఇంకోటి రాయలేను అని డేటాబేస్ మొత్తుకుంటోంది.

పై 4లో సెల్ మీద నడిచే గడియారం లేదు. కరెంట్ పోతే టైమ్ మర్చిపోతుంది. గంటకోసారి టైమ్‌ని మెమరీ కార్డు మీద రాసిపెట్టుకుని, లేవగానే ఆ పాత టైమే చదువుకుంటుంది. అసలు టైమ్ ఇంటర్నెట్ నుంచి రావాలి. మా రౌటర్ కూడా అదే కరెంట్ మీద ఉంది, అది లేచి నెట్ అందుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు. ఈలోపు వీవెక్స్ లేచి కూర్చుంది.

ఇక్కడే ముడి ఉంది, జాగ్రత్తగా వినండి. కన్సోల్‌లో పెన్సిల్ సెల్స్ ఉంటాయి. కరెంట్ పోయినా అది కొలుస్తూనే ఉంటుంది. నా కన్సోల్ 4080 రికార్డులు దాస్తుంది, ఐదు నిమిషాలకొకటి చొప్పున పద్నాలుగు రోజులు. వీవెక్స్ లేవగానే "నా చివరి రికార్డు తర్వాతవి ఇవ్వు" అని కన్సోల్‌ని అడుగుతుంది. చివరి రికార్డు 5:40ది. కానీ పై గడియారంలో ఇంకా 5:17. కన్సోల్ తన రికార్డుల మీద టైమ్ వేయదు, వీవెక్స్‌లో కన్సోల్‌తో మాట్లాడే భాగం, అంటే డ్రైవరే, పై గడియారాన్ని బట్టి వెనక్కి లెక్కకడుతుంది. దాని లెక్కలో 5:40 తర్వాత అసలేమీ లేదు. సరేలే అని ముందుకు పోయింది. 8:24కి నెట్ నుంచి సరైన టైమ్ వచ్చాక కొత్త రికార్డులు మొదలయ్యాయి. ఇక ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా చివరి రికార్డు కొత్తదే కాబట్టి వెనక్కి చూడదు. వానంతా కన్సోల్ కడుపులోనే ఉండిపోయింది.

బయటికి ఎలా తీశానంటే, మొదట వీవెక్స్ ఆపేశాను. డేటాబేస్ ఫైల్ కాపీ చేసి పెట్టుకున్నాను, ఇది మర్చిపోతే తర్వాత ఏడ్చినా లాభం లేదు. డేటాబేస్‌ని తెరిచే ఎస్‌క్యూలైట్‌లోకి వెళ్లి ఆ రోజు 5:40 తర్వాతి రికార్డులన్నీ తీసేశాను. ధైర్యం చిక్కబట్టుకునే తీశాను, ఐదు రోజుల డేటా అది. తర్వాత వీసీటీఎల్‌తో రోజువారీ సారాంశాలు తుడిచేసి మళ్లీ కట్టించాను. గడియారం సరిగ్గా ఉందని చూసుకుని వీవెక్స్ స్టార్ట్ చేశాను. కన్సోల్ నుంచి రికార్డులు వరసపెట్టి దిగుతుంటే ఆ లాగ్ అలా చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు రోజులు దాటి ఉంటే ఇది కుదిరేది కాదు.

మళ్లీ జరగకుండా రెండు పనులు చేశాను. సిస్టమ్‌డీ టైమ్ వెయిట్ సింక్ అనే సర్వీస్ ఉంది, దాన్ని ఎనేబుల్ చేస్తే సరైన టైమ్ వచ్చేదాకా వీవెక్స్ ఆగుతుంది. ఆగితే నష్టం లేదు, కన్సోల్ దాస్తూనే ఉంటుంది. రెండోది డీఎస్ 3231 గడియారం మాడ్యూల్, రెండొందల చిల్లర. పై పిన్నులకు తగిలించి, కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైన్ రాయాలి. పై 5 కొనేవాళ్లకు గడియారం బోర్డు మీదే ఉంటుంది, సెల్ తగిలించుకుంటే చాలు.

అడాప్టర్ సంగతి కూడా చెప్పేస్తాను. నేను ఇంట్లో పాత ఫోన్ చార్జర్ వాడాను. వీసీజెన్‌కమాండ్ గెట్ థ్రాటిల్డ్ అని కొడితే సున్నా రావాలి, నాకు యాభై వేలలా కనిపించే పెద్ద అంకె వచ్చింది. ఓల్టేజ్ పడిపోయిందని అర్థం. యూఎస్‌బీ మధ్యమధ్యలో మొరాయించింది దీనివల్లేనని నా అనుమానం. 5.1 ఓల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాక ఆగింది. అయినా కన్సోల్ మొండికేస్తే యూఎస్‌బీ పీకి, సెల్స్ తీసి, నిమిషం ఆగి పెట్టండి. పైని ఎంత రీబూట్ చేసినా కన్సోల్ రీబూట్ కాదు, దాని సెల్స్ దానికున్నాయి కదా.

వాడొచ్చా అంటే, వాడండి. లైనక్స్ నల్ల స్క్రీన్ చూస్తే టెన్షన్ పడేవాళ్లకు మాత్రం చెప్పను, ఫోన్ యాప్‌తో వచ్చే స్టేషన్ కొనుక్కోండి. వాడేవాళ్లు పైతో పాటే గడియారం మాడ్యూల్ కూడా ఆర్డర్ పెట్టండి. మన దగ్గర ఎండాకాలం సాయంత్రాలు కరెంట్, వాన ఒకేసారి ఆడుకుంటాయి.

ఆ రోజు లెక్క చివరికి 38.4 మిల్లీమీటర్లు తేలింది. వాన డబ్బాలోని చిన్న దొప్ప 0.3 మిల్లీమీటర్లకు ఒకసారి వాలుతుంది, అంటే నూట ఇరవై ఎనిమిది సార్లు వాలింది. నాయినకు చూపించాను. స్కేలు తెమ్మని, దాని పక్కన రెండు వేళ్లు ఆనించి చూశాడు. "నేను ఆ రోజే చెప్పిన గదరా" అని తోటకు పోయాడు.