ప్రశ్న అడిగే వీడియో, జవాబు దాచే వెబ్‌క్యామ్

తెర మీద: ఒక వెబ్ పేజీ. పైన వీడియో నడుస్తోంది, దాని కింద ఖాళీ పెట్టె.

నమస్తే. ఇవాళ ఇంటర్వ్యూ ప్రాక్టీస్ కోసం ఒక పేజీ కడదాం. వీడియోలో ఒకావిడ ప్రశ్న అడుగుతారు. వీడియో ఆగుతుంది. చూసేవాళ్లు వెబ్‌క్యామ్ ముందు జవాబు చెప్తారు. చెప్పడం అయ్యాక బటన్ నొక్కితే తర్వాతి ప్రశ్న వస్తుంది.

ఒకప్పుడు దీనికి బ్రౌజర్‌కి విడిగా జోడించే ఫ్లాష్ ప్లగిన్ కావాలి, దాని వెనకాల ప్రత్యేకంగా ఒక మీడియా సర్వర్ కావాలి. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది. ఇప్పుడు కెమెరా తెరిచే గెట్‌యూజర్‌మీడియా, రికార్డ్ చేసే మీడియారికార్డర్ రెండూ బ్రౌజర్‌లోనే ఉన్నాయి. సఫారీకి మాత్రం మీడియారికార్డర్ ఆలస్యంగా, 2021లో 14.1 వెర్షన్‌తో వచ్చింది.

ముందు వీడియో ఆపడం చూద్దాం.

తెర మీద: వీడియో టైమ్‌లైన్. 42వ సెకను దగ్గర ఎర్ర గీత.

ప్రశ్న 42వ సెకనుకి అయిపోతుంది. అందరికీ మొదట తోచేది, వీడియో నడుస్తుంటే బ్రౌజర్ పంపే టైమ్‌అప్‌డేట్ ఈవెంట్ (సంకేతం) వింటూ, కరెంట్‌టైమ్, అంటే వీడియో ఇప్పుడున్న సెకను, 42 దాటగానే పాజ్ చెయ్యడం. కానీ ఆ ఈవెంట్ ప్రతి ఫ్రేమ్‌కీ రాదు. రెండు ఈవెంట్ల మధ్య 250 మిల్లీసెకన్ల వరకూ గ్యాప్ ఉండొచ్చు. పావు సెకనే కదా అనిపిస్తుంది. ఒకసారి వినండి.

తెర మీద: ప్రశ్న పూర్తయి, "తర్వా..." అని వినిపించి వీడియో ఆగుతుంది.

విన్నారా? తర్వాతి వాక్యం మొదటి ముక్క బయటికొచ్చేసింది. జవాబు చెప్పబోయేవాళ్లు అక్కడే తడబడతారు. కొత్త ఫ్రేమ్ వచ్చినప్పుడు మన కోడ్‌ని పిలిచే రిక్వెస్ట్‌వీడియోఫ్రేమ్‌కాల్‌బ్యాక్ వాడితే ఇంకా దగ్గరగా ఆపొచ్చు. నేనైతే ఆ కోడ్ జోలికి పోను, ఎడిటింగ్‌లోనే ప్రతి ప్రశ్న తర్వాత ఒక సెకను మౌనం వదులుతాను. ఆవిడ మనవైపు చూస్తూ ఉండే ఆ సెకనులో వీడియో ఎక్కడ ఆగినా బాగానే ఉంటుంది.

ఇప్పుడు కెమెరా. పేజీ తెరవగానే పర్మిషన్ అడగకండి, ప్లీజ్. ఎందుకు అడుగుతున్నారో తెలియక జనం బ్లాక్ నొక్కేస్తారు. క్రోమ్ లాంటి బ్రౌజర్‌లో ఒకసారి బ్లాక్ చేశాక మన కోడ్ ఎన్నిసార్లు అడిగినా ఆ పెట్టె మళ్లీ కనపడదు. వాళ్లే బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చాలి. అందుకే ముందు ప్రశ్న విననివ్వండి, తర్వాత "జవాబు రికార్డ్ చెయ్యండి" అనే బటన్ చూపించండి. అది నొక్కినప్పుడే అడగండి. అప్పుడు కారణం వాళ్ల కళ్లముందే ఉంటుంది.

ఇంకో సంగతి. లోకల్‌హోస్ట్‌లో, అంటే మన సొంత కంప్యూటర్‌లో, చక్కగా నడిచి, సర్వర్ మీద పెట్టగానే కెమెరా రాకపోతే ముందు అడ్రస్ చూడండి. దాని మొదట్లో హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) లేకపోతే బ్రౌజర్ కెమెరా ఇవ్వదు.

కెమెరా రాకపోవడానికి కారణాలు వేరువేరు. నాట్‌అలౌడ్‌ఎర్రర్ అంటే పర్మిషన్ లేదు. నాట్‌ఫౌండ్‌ఎర్రర్ అంటే కెమెరాయే లేదు. నాట్‌రీడబుల్‌ఎర్రర్ అయితే చాలాసార్లు ఇంకో యాప్ దాన్ని పట్టుకుని ఉంటుంది. అన్నిటికీ కలిపి "ఏదో తప్పు జరిగింది" అని చూపిస్తే ఎదుటి మనిషి ఏం చెయ్యాలి? "వీడియో కాల్ ఏదైనా తెరిచి ఉంటే మూసి, మళ్లీ నొక్కండి" అని రాస్తే పని జరుగుతుంది.

తెర మీద: పెట్టెలో మనిషి ముఖం, అద్దంలోలాగా.

ప్రివ్యూ తప్పకుండా మ్యూట్‌లో పెట్టండి. లేకపోతే స్పీకర్ శబ్దం మైక్‌లోకి వెళ్లి కీచుమంటుంది. బొమ్మని, పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌తో, ఎడమ కుడి తారుమారయ్యేలా తిప్పండి, మనం అద్దానికి అలవాటుపడ్డవాళ్లం. రికార్డింగ్ మాత్రం తిరగదు, కాబట్టి చేతిలో కాగితం పట్టుకున్నా అక్షరాలు సరిగ్గానే పడతాయి.

ఇక రికార్డింగ్. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

నేను మొదటిసారి ఇలాంటిది కట్టినప్పుడు అంతా మెమరీలో ఉంచి, చివర్లో ఒకేసారి అప్‌లోడ్ చేశాను. ఒకాయన ఫోన్‌లో పద్దెనిమిది నిమిషాలు మాట్లాడారు. మధ్యలో ఫోన్ ఆ ట్యాబ్‌ని మూసేసింది. అంతా పోయింది. "అయితే మళ్లీ మొదట్నించి చెప్పాలా అండీ?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పట్నించి స్టార్ట్ ఫంక్షన్‌కి ఎప్పుడూ ఒక అంకె ఇస్తాను.

తెర మీద: రికార్డర్ డాట్ స్టార్ట్, బ్రాకెట్లో 2000.

2000 అంటే మిల్లీసెకన్లు. సుమారు రెండు సెకన్లకోసారి డేటాఅవైలబుల్ ఈవెంట్‌లో ఒక ముక్క వస్తుంది. వచ్చిన ముక్కని వచ్చినట్టే బ్రౌజర్‌లోనే ఉండే నిల్వ, ఇండెక్స్‌డ్‌డీబీలో దాచి, సర్వర్‌కి పంపండి. నెట్ పోయినా, ట్యాబ్ పోయినా చేరిన ముక్కలు చేరినట్టే. అయితే ఇవి దేనికది విడి వీడియో కాదు. ఫైల్ హెడర్, అంటే ఆ వీడియోని ఎలా చదవాలో చెప్పే భాగం, మొదటి ముక్కలోనే ఉంటుంది, మిగతావి దాని వెనక వరసగా అతికితేనే ప్లే అవుతాయి. నెట్‌లో ఏడో ముక్క ఆరోదానికంటే ముందు చేరొచ్చు. అందుకే ప్రతి ముక్కకీ నంబర్ వెయ్యండి.

సైజు టెన్షన్ ఉంటే బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా అన్నది, మీరే చెప్పండి. వీడియోకి సెకనుకి 10 లక్షల బిట్లు ఇస్తే నిమిషానికి ఏడున్నర ఎంబీ. మాట్లాడే ముఖానికి అది సరిపోతుంది.

ఒక్కో జవాబుకి ఒక్కో కొత్త రికార్డర్ పెట్టండి, కెమెరా స్ట్రీమ్ మాత్రం అదే ఉంచండి. అప్పుడు మూడో జవాబు నచ్చకపోతే అదొక్కటే మళ్లీ చెప్పొచ్చు. ఫార్మాట్ సంగతి బ్రౌజర్‌నే అడగండి. ఈజ్‌టైప్‌సపోర్టెడ్ అనే ఫంక్షన్ ఉన్నది అందుకే. అన్నిచోట్లా వెబ్‌ఎం ఫార్మాటే వస్తుందనుకోకండి, సఫారీ ఎంపీ4 ఇవ్వొచ్చు.

తెర మీద: రికార్డ్ అయిన వీడియో ప్లే అవుతోంది, కానీ మొత్తం నిడివి కనపడటం లేదు.

ఇది చూసి కంగారుపడకండి. క్రోమ్ వెబ్‌ఎం రాసేటప్పుడు రికార్డింగ్ ఎంతసేపు సాగుతుందో దానికి ముందే తెలియదు, అందుకే హెడర్‌లో నిడివి ఉండకపోవచ్చు. అప్పుడు ముందుకీ వెనక్కీ జరపడం కూడా సరిగ్గా కుదరదు. సర్వర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో టూల్‌తో, మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా కాపీ మోడ్‌లో ఒకసారి తిరగరాస్తే సరైపోతుంది.

స్టాప్ నొక్కగానే "సేవ్ అయింది" అని చూపించకండి. స్టాప్ తర్వాత ఆఖరి ముక్క ఇంకొకటి వస్తుంది. అది సర్వర్‌కి చేరాకే ఆ మాట చెప్పండి.

ఆఖరి జవాబు అయ్యాక ఇంకో పని ఉంది. రికార్డర్ ఆగినా కెమెరా ఆగదు, దాని పక్కన లైటు వెలుగుతూనే ఉంటుంది. జవాబిచ్చి లేవబోతున్న మనిషి ఆ లైటు చూసి, ఇంకా ఎవరో చూస్తున్నారేమోనని ఆగిపోతారు. స్ట్రీమ్‌లో ఉన్న ప్రతి ట్రాక్ (వీడియో, ఆడియో) మీదా స్టాప్ పిలవండి.

తెర మీద: ల్యాప్‌టాప్ కెమెరా దగ్గరగా. లైటు ఆరిపోతుంది.