ఫీజు ఎంతండీ అని అడిగితే

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులందరికీ నమస్కారం.

పిల్లలూ, మీ సంగీతం డిప్లొమా పరీక్షలు అయిపోయాయి. రేపట్నుంచి మీలో చాలామంది చేయబోయేది ఇంట్లో చాప పరిచి ఇద్దరు ముగ్గురు పిల్లలకు తొలి పాఠాలైన సరళీ స్వరాలు చెప్పడమే. నేనూ అలాగే మొదలుపెట్టాను. విజయవాడలో 22 ఏళ్లుగా ఆ సంపాదనతోనే ఇల్లు గడుస్తోంది. అందుకే ఈరోజు డబ్బు గురించి మాట్లాడతాను.

మొదటి ఏడాది ఒకావిడ పాపను తీసుకొచ్చారు. పళ్లెంలో పళ్లు, రవికెల గుడ్డ, 116 రూపాయలు పెట్టి నాకు దణ్ణం పెట్టించారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "ఫీజు ఎంతండీ?" అన్నారు. "మీ ఇష్టమండీ" అన్నాను. ఆ ఒక్క మాటతో నాలుగు నెలలు నలిగిపోయాను. ఒక నెల ఇచ్చారు, ఒక నెల మరిచిపోయారు, ఇంకో నెల "పాప రెండు క్లాసులకే వచ్చింది కదండీ" అని సగం ఇచ్చారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎంత ఇవ్వాలో నేను చెప్పలేదు, అంతే.

తొలి పాఠాలు చెప్పే మాయామాళవగౌళ రాగంలో రిషభం, అంటే 'రి', షడ్జాన్ని, అంటే 'స'ను ఆనుకుని ఉండాలి కదా. ఒక సాయంత్రం ఆ పాప రిషభాన్ని పైకి ఎత్తేస్తోంది. "ఈ నెల డబ్బులు అడగనా, వద్దా" అన్న టెన్షన్‌లో నేను రెండుసార్లు దిద్దకుండా వదిలేశాను. అడగని ఫీజు ఆ పిల్ల స్వరంలో తప్పై కూర్చుంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

విద్యను అమ్ముకుంటున్నారని ఎవరో ఒకరు అంటారు. ఘంటసాల గారు విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న సంగతి మీకు తెలుసు. గురువుగారు డబ్బు ఆశించలేదు. కానీ ఆయనకు సంగీత కళాశాలలో ఉద్యోగం ఉంది. శిష్యుడు మధూకరానికి, అంటే ఇంటింటికీ అన్నం అడగడానికి వెళ్తే ఊళ్లో ఇల్లాళ్లు జోలెలో అన్నం వేశారు. అంటే ఆ చదువు ఖర్చు ఊరంతా కలిసి మోసింది. ఇప్పుడు మన ఇంటి అద్దె ఏ ఊరూ కట్టదు. కాబట్టి ఫీజు తీసుకోవడానికి సిగ్గుపడకండి.

ఎలా తీసుకోవాలో చెబుతాను. నెలకు 8 క్లాసులు, ఫీజు 5వ తేదీలోపు, ముందుగానే. నేను మానేస్తే ఆ క్లాసు మళ్లీ చెబుతాను, పిల్లలు మానేస్తే చెప్పను. దసరా, సంక్రాంతి సెలవులు ఎన్నో కూడా మొదటి రోజే వాట్సాప్‌లో రాసి పంపుతాను. రాసిన దాని మీద గొడవ రాదు.

ఇంకో లెక్క చూడండి. బడి పిల్లలు దొరికేది సాయంత్రం 5 నుంచి 8 దాకానే. వారానికి 6 రోజులనుకున్నా 18 గంటలు. ఒక్కొక్కరికీ విడిగా చెబితే ఆ గంటలు ఇట్టే నిండిపోతాయి. అందుకే తొలి స్వర పాఠాలు, అంటే అలంకారాల దాకా నలుగురైదుగురిని కలిపి కూర్చోబెడతాను, పై పాఠాలైన వర్ణాలకు వచ్చాక విడిగా చెబుతాను. పదో తరగతి పిల్లలు జనవరి నుంచి పరీక్షల పేరుతో మానేస్తారు. ఆ మూడు నెలలకు కాస్త వెనకేసుకోండి.

అమెరికాలోని మన తెలుగు పిల్లలకు తెల్లవారుజామున చెప్పొచ్చు. న్యూజెర్సీలో రాత్రి 7.30 అంటే మనకు వేసవిలో ఉదయం 5, చలికాలంలో 6. నవంబరులో, మార్చిలో వాళ్లు గడియారం మారుస్తారు, ముందే గుర్తు చేయండి. ఆన్‌లైన్‌లో కలిసి పాడటం కుదరదు, గొంతు ఆలస్యంగా చేరుతుంది. మనం పాడి ఆపాలి, వాళ్లు పాడాలి. తాళం వాళ్ల చేత్తో వాళ్లనే వేయనివ్వండి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అనే సెట్టింగ్ పెట్టకపోతే తంబూరా నాదాన్ని గోల అనుకుని అది కోసేస్తుంది.

"ఆర్నెల్లయింది, ఇంకా ఒక్క కీర్తన రాలేదే" అని తల్లిదండ్రులు అడుగుతారు. విద్యార్థి పోతాడేమోనని, ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే జంట వరుసలు దాటేసి కీర్తన ఎత్తుకోకండి. జంట స్వరంలో రెండోదాన్ని నొక్కి పలకడం రాని గొంతుకు గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, ఎక్కడినుంచి వస్తుంది? ఆ పిల్లవాడు ఏ అడుగులో ఉన్నాడో వాళ్లముందే పాడించి చూపించండి. చాలామంది ఆగుతారు. ఆగనివాళ్లను పోనివ్వండి.

ఇక కట్టలేనివాళ్ల సంగతి. మిగతావాళ్ల ఫీజు సరిగా వస్తేనే వాళ్లకు ఊరికే చెప్పగలం. పదిమందిలో ఒకరికి నేను ఫీజు తీసుకోను. ఆరేళ్ల క్రితం ఒక ఆటో డ్రైవర్ కొడుకు వచ్చాడు. ఆది తాళంలో చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు లెక్కపెట్టి, ఒక దెబ్బ వేసి చేయి తిప్పే ద్రుతం దగ్గరికొచ్చేసరికి ఆ తిప్పడం మరిచిపోయి నా మొహం చూసేవాడు. ఇప్పుడు వర్ణం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో పాడుతున్నాడు. ఆ చాప మీద ఎవరు ఫీజు కడుతున్నారో, ఎవరు కట్టట్లేదో పిల్లల్లో ఎవరికీ తెలియదు. ఆ లెక్కల పుస్తకం నా బీరువాలోనే ఉంటుంది.