ఐదేళ్లు దాక్కున్న వైరస్ ఎలా దొరికింది?

(తెర మీద ఆఫ్రికా మ్యాప్. గినియా ఒక్కటే ఎర్రగా వెలుగుతుంది.)

2021 ఫిబ్రవరి. గినియాలో మళ్లీ ఎబోలా. 2014–16లో పశ్చిమ ఆఫ్రికాలో 11,000 మందికి పైగా ప్రాణాలు తీసిన జబ్బు ఇది. ఈసారి ఎక్కణ్ణుంచి వచ్చింది? గబ్బిలాల లాంటి అడవి జీవుల నుంచా? జవాబు వైరస్ జన్యువులోనే దొరికింది. అదెలాగో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

(నల్లటి జెల్ మీద మెరిసే అడ్డగీతలు.)

1993, అమెరికా. సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. రోగుల్లో దొరికిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా, మాంసంలో దొరికిన ఈ.కోలై ఒకటేనా? బ్యాక్టీరియా డీఎన్ఏని ఎంజైమ్‌తో ముక్కలు చేసి, జెల్‌లో పెట్టి, దిశ మారుస్తూ గంటల తరబడి కరెంటు పంపారు. చిన్న ముక్కలు ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. చివరికి బార్‌కోడ్ లాంటి గీతలు మిగులుతాయి. రెండు బార్‌కోడ్‌లూ సరిపోయాయి! 1996లో ఈ పద్ధతితోనే పల్స్‌నెట్ అనే ల్యాబ్‌ల నెట్‌వర్క్ మొదలైంది.

చిక్కేంటంటే, ఎంజైమ్ కోసే చోట్ల వచ్చిన మార్పులే ఈ గీతల్లో బాగా తెలుస్తాయి. ఈ.కోలై జన్యువులో దాదాపు 50 లక్షల అక్షరాలున్నాయి. మిగతాదంతా చదవని పుస్తకమే. పల్స్‌నెట్ 2019కల్లా జెల్‌ని పక్కనపెట్టి, మొత్తం జన్యువును చదివే పద్ధతికి మారిపోయింది.

(అరచేతిలో పట్టే సీక్వెన్సర్, అంటే జన్యువును చదివే మెషీన్.)

2015లో ఈ బుల్లి మెషీన్‌ను మామూలు విమాన లగేజీలోనే గినియాకు తీసుకెళ్లి, ఎబోలా శాంపిల్స్ అక్కడే చదివారు. ఆ రోజుల్లో పోగైన జన్యువుల రికార్డు 2021లో అక్కరకొచ్చింది.

ఎబోలా జన్యువు సుమారు 19,000 అక్షరాలు. ఒకరి నుంచి ఒకరికి పాకేకొద్దీ అందులో తప్పులు చేరుతూ పోతాయి, దాదాపు గడియారం నడిచినట్టు. ఐదేళ్ల పాటు పాకి ఉంటే తేడాలు చాలానే ఉండాలి. అడవి నుంచి కొత్తగా వచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. తీరా చూస్తే పాత వైరస్‌కీ దీనికీ తేడా చాలా తక్కువ. గడియారం ఆగినంత పనైంది!

అంటే అది ఇన్నాళ్లూ జనంలో తిరగలేదు. 2014–16లో సోకి, కోలుకున్న ఎవరి ఒంట్లోనో ఉండిపోయింది. ఎవరి ఒంట్లో అన్నది మాత్రం జన్యువు చెప్పదు. అందుకు ఊళ్లో తిరిగి, ఎవరు ఎవరిని కలిశారో అడగాల్సిందే.

ఎబోలా వైరస్ కోలుకున్నవాళ్ల ఒంట్లో అంతకుముందు సుమారు 500 రోజుల దాకా ఉన్నట్టు తెలుసు. ఇది ఐదేళ్లకు పైగా ఉంది.